ఒక్కో తరగతి ఒక్కో మెట్టు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఈ బడిలోనే చదువుకుని, ఈ బడిలోనే కంప్యూటర్ పాఠాలు చెప్పే అదృష్టం నాకు దక్కింది. నేను చేసిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను.

చేరిన ఏడాది తొమ్మిదో తరగతికి నేరుగా స్ప్రెడ్‌షీట్ పాఠం ఎత్తుకున్నాను. కంప్యూటర్ పరీక్షలో క్లాసు ఫస్టు వచ్చిన అమ్మాయి నా దగ్గరకొచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగింది: "సార్, ఆ బాణం గుర్తును ఎలా జరపాలి?" భాగాల పేర్లన్నీ ఆమెకు కంఠతా వచ్చు. మౌసు మాత్రం ఎన్నడూ పట్టుకోలేదు. కింది మెట్టు వేయకుండా పై మెట్టు ఎక్కమన్నది నేనే.

మరుసటి ఏడాది నుంచి ఒక్కో తరగతికి ఒక్కో మెట్టు వేసుకున్నాను. ఆరులో టక్స్ పెయింట్‌లో బొమ్మలు గీయడం, గీసినదాన్ని దాచడం, మర్నాడు వెతికి తీయడం. ఏడులో తెలుగు, ఇంగ్లీషు టైపింగ్. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడిచేతి వైపు ఉంటాయి. గుణింతాలు వచ్చిన పిల్లలకు అది త్వరగా పట్టుబడుతుంది. ఎనిమిదిలో స్క్రాచ్‌తో చిన్న కథలు, ఆటలు. 2020 జాతీయ విద్యా విధానం కూడా 6–8 తరగతుల దశలోనే కోడింగ్ మొదలుపెట్టమంది. తొమ్మిదిలో స్ప్రెడ్‌షీట్, పదిలో పైథాన్.

వీటన్నిటినీ కలిపే దారం ఒకటుంది. ఏడో తరగతి పిల్లలు మధ్యాహ్న భోజనం హాజరును పట్టికగా టైపు చేస్తారు. అదే పట్టికకు తొమ్మిదిలో సూత్రం రాసి సగటు కడతారు, గ్రాఫు గీస్తారు. పదిలో ఆ సగటునే పైథాన్‌లో నాలుగైదు వరుసల ప్రోగ్రాముతో రాబడతారు. లెక్క పాతదే కాబట్టి ప్రోగ్రాము భయపెట్టదు.

ఈ నిచ్చెన విరిగేది పదో తరగతిలోనే. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడగానే కంప్యూటర్ పీరియడు స్పెషల్ క్లాసైపోతుంది. లెక్కల మాస్టారు నన్ను మన్నించాలి, వారానికి ఆ ఒక్క పీరియడు మాకు వదిలేయండి. సగటు అంటే ఏమిటో మీ పాఠాన్నే మేమూ ఇంకోసారి చెప్పుకుంటున్నాం కదా!

మిత్రులు ఫోన్ చేసి, "ఇంకెన్ని కంప్యూటర్లు కావాలి?" అని అడుగుతున్నారు. మీ మనసుకు దణ్ణం. కానీ కొత్తవి వద్దు. ఉన్నవాటికి బ్యాటరీలు మార్పించండి, పాడైన మౌసులు, కీబోర్డులు ఇప్పించండి. ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురేసి కూర్చుంటున్నారు. చొరవ ఉన్నవాడి చేతిలోనే మౌసు ఉండిపోతుంది, వెనక కూర్చున్న పిల్ల చూస్తూ ఉండిపోతుంది. పది నిమిషాలకోసారి చేతులు మార్పించడానికి నాకు ఇంకో మనిషి కావాలి. ఊరికి వచ్చినప్పుడు ఒక్క పూట మా గదికి రండి.

ఆ రోజు గుసగుసగా అడిగిన ప్రశ్న ఏ పిల్లా తొమ్మిదో తరగతిలో అడగాల్సిన అవసరం రాకూడదు. అది ఆరో తరగతిలోనే, గట్టిగా, నవ్వుతూ అడగాలి.

సెలవు.