గోదావరి రాయి, గోదావరి ఇసుక



ఖనిజసంపద యనగానే మనకు బంగారమో, వజ్రమో స్ఫురించును. కోరుకొండ నృసింహుని మెట్లెక్కి నలుదిక్కులు చూచువారికి తెలియును, మన గోదావరి సీమ సంపద రాయి. మన సీమ సంపద ఇసుక. ఆ రెంటిని పైకి తెచ్చినవి మనుష్యుల చేతులు.

1847లో ఆరంభమై 1852లో ముగిసిన గోదావరి ఆనకట్టకు కావలసిన రాయిని ధవళేశ్వరము కొండనుండి తొలిచి తెచ్చిరి. దానిని కట్టించిన కాటన్ దొర పేరు పల్లెపల్లెకు తెలియును. సమ్మెట పట్టి కొండను పగులగొట్టిన కూలీల పేర్లు ఎవరికి తెలియును? ఈ చింత నన్ను విడువదు.

ఇక ఇసుక మాట. రాజమహేంద్రవరము వద్ద నడియేట పడవ నిలిపి, వెదురుగెడ నాటి, బకెట్టు చేతబట్టి, ఊపిరి బిగించి, ఆ గెడ వెంబడి అడుగునకు జారి, చేతులతో ఇసుక నింపి పైకి తేలు మనిషిని మీరెన్నడైనను చూచితిరా? కన్నులు ఎఱ్ఱబారియుండును. పడవపైనున్న తోడు త్రాడు లాగి బకెట్టు నందుకొనును. మరల మునక. మరల బకెట్టు. మన యిండ్ల గోడలలో ఈ ఇసుకయే యున్నది. రాయి వలెనే ఇదియు మనుష్యుల చేతులు తెచ్చినదే.

పడవ అంచు నీటికి జానెడు పైకి మాత్రమే మిగిలినప్పుడు గాని వారు రేవునకు మరలరు.