చిన్న కమతమునకు లెక్క, అప్పు, అమ్మకము

(పామూరులో గ్రామ పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



పామూరు రైతునకు వాన కష్టమును గూర్చి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. మోపాడు చెరువు నిండిన యేడు ఆయకట్టు రైతు మొగము కళకళలాడును. నిండని యేడు అందరును మెట్ట రైతులే. నేడు మేము మాటలాడదలచినది నీటిని గూర్చి కాదు. చిన్న రైతు చేతిలోని డబ్బును గూర్చి, ఆ డబ్బునకు ఉండవలసిన లెక్కను గూర్చి.

ఒక రైతు బయట లక్ష రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చెననుకొందము. ఏడాదికి వడ్డీ 24,000 రూపాయలు. అదే లక్షను కిసాన్ క్రెడిట్ కార్డుపై పంట ఋణముగా తీసికొని, గడువులోపల చెల్లించినచో వడ్డీ 4,000 రూపాయలు. 2025-26 సంవత్సరపు ఏర్పాటు ప్రకారము 3 లక్షల రూపాయల వరకు పంట ఋణముపై వడ్డీ ఏటికి నూటికి 7 రూపాయలు. గడువు తప్పని వారికి అందులో 3 రూపాయలు కేంద్ర ప్రభుత్వము భరించును. ఈ రెంటికి తేడా 20,000 రూపాయలు. అదే సంవత్సరమునకు కందుల మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. అనగా రెండున్నర క్వింటాళ్ల కందులు కాటా కూడ ఎక్కకుండ వడ్డీ వ్యాపారి గాదె చేరుచున్నవన్నమాట.

ఇది క్రొత్త వ్యాధి కాదు. 1951-52లో రిజర్వు బ్యాంకు గ్రామీణ ఋణములపై దేశమంతట విచారణ జరిపించెను. రైతు తెచ్చుకొన్న అప్పులో సహకార సంఘముల వంతు నూటికి మూడు మాత్రమేయని 1954 నాటి నివేదిక తేల్చెను. తరువాత సంఘములు పెరిగినవి. 1969లో బ్యాంకులు జాతీయమైనవి. 1982లో నాబార్డు వెలసినది. 1998లో కిసాన్ కార్డు వచ్చినది. 2025 జనవరి 1 నుండి 2 లక్షల రూపాయల వరకు వ్యవసాయ ఋణమునకు తాకట్టు కోరరాదను నియమము కూడ అమలులోనికి వచ్చినది. అయినను రైతు ఇంకను బయటి గుమ్మమే తొక్కుచున్నాడు. ఏల?

ఒక కారణము బోరు. పంటకని తెచ్చిన డబ్బును బోరులో పోయుట ఈ సీమలో మనము కన్నులార చూచుచున్నదే. పంట ఋణము ఏడాదిలో తీర్చవలసినది. బోరు ఖర్చు పది పంటలపై రాబట్టుకొనవలసినది. నీరు పడినను ఆ అప్పు ఏడాదిలో తీరదు. పడకున్నచో పంటయు లేదు, పెట్టుబడియు లేదు. గడువు దగ్గరపడగానే నాలుగు రోజులకు చేబదులు తెచ్చి బ్యాంకులో కట్టి, మరల వ్రాయించుకొని, ఆ డబ్బుతో చేబదులు తీర్చుదురు. కాగితముపై ఋణము తీరినది. ఇంట మాత్రము పెరిగినది. బోరునకు, పైపులకు, ఎడ్లకు వాయిదాలలో తీర్చు దీర్ఘకాలిక ఋణము వేరుగా ఉన్నది. దానిని అడుగవలెను. అంతకు ముందు భూగర్భ జల శాఖ వారిచే స్థలము పరీక్ష చేయించవలెను. టెంకాయ తిప్పి చూచుటను మేము వలదనము గాని, దానిపై లక్ష రూపాయలు పందెము కాయవలదని మాత్రము చెప్పుదుము.

కిసాన్ కార్డు పరిమితిలో పంట ఖర్చునకు పైగా కోత అనంతర పనులకు, ఇంటి వాడుకకు నూటికి 10 చొప్పున, పనిముట్ల మరమ్మతు మొదలగు వానికి నూటికి 20 చొప్పున కలుపుట నిబంధనలలోనే కలదు. ఇది ఎరిగి అడుగు రైతులు ఎందరు?

రెండవ కారణము మరింత లోతైనది: మనకు లెక్క లేదు. రెండెకరముల కంది సాగు తీసికొందము. దుక్కి, విత్తనము, మందులు, కూలి కలిపి 30,000 రూపాయలు ఖర్చనియు, 7 క్వింటాళ్లు పండి మద్దతు ధరకు 56,000 రూపాయలు వచ్చెననియు అనుకొందము. రైతు 26,000 మిగిలెనని సంతోషించును. ఇంటిల్లిపాది చేసిన 40 దినముల పనికి 400 చొప్పున 16,000 లెక్క కట్టినచో మిగులు 10,000. పెట్టుబడిని నూటికి రెండు వడ్డీకి ఎనిమిది నెలలు తెచ్చియున్నచో మరి 4,800 పోవును. కౌలు రైతై ఎకరమునకు 5,000 చెల్లించినచో 4,800 రూపాయలు నష్టము. పొలము అదే, పంట అదే, వాన అదే. ఒకనికి మిగులు, ఒకనికి తగులు. ఈ సంగతి పుస్తకములో వ్రాసిననే గాని తెలియదు. బడికి పోవు పిల్లవాని నోటు పుస్తకము చాలును. ఒక్కొక్క చేనికి ఒక పుట. ఎడమ ప్రక్క ఖర్చు, కుడి ప్రక్క రాబడి. ఇంటి ఆడవారు చేసిన పనిని వ్రాయుట మరువరాదు. అది అందరికంటె ముందు మరచు పద్దు.

మూడవది అమ్మకము. కనిగిరి వేలము కేంద్రమునకు పొగాకు తోలు రైతులు మీలో కొందరుందురు. 1976లో పొగాకు బోర్డు ఏర్పడిన తరువాత రైతు పేరు, బ్యారను నమోదై, సరకు వేలములో అమ్ముడుపోయి, బ్యాంకు బాకీ ఆ సొమ్మునుండియే చెల్లుచున్నది. డబ్బు తిరిగి వచ్చు దారి కనబడుటచేతనే బ్యాంకు ముందుకు వచ్చును. పొగాకును మేము పొగడుట లేదు. 2015లో ధర పడిపోయినప్పుడు ప్రకాశం రైతులు పడిన యాతన మరువరానిది. కంది, సజ్జ రైతునకు అటువంటి దారి లేదన్నదే మా బాధ.

ఆ దారిని తామే వేసికొన్న వారును తెలుగునాట ఉన్నారు. నేటి హనుమకొండ జిల్లాలోని ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు పరపతికిని అమ్మకమునకును కలిపి ఒక సహకార సంఘమును నెలకొల్పిరి. ఋణమిచ్చినదియు, పంట కొన్నదియు ఆ సంఘమే. అదియు మెట్ట సీమయే. ధాన్యపు మిల్లు, పత్తి జిన్నింగు దాని చేతిలోనికి పిదప వచ్చినవి. ముందు వచ్చినది సభ్యుల నమ్మకము.

ఈనాడు రైతు ఉత్పత్తిదారుల కంపెనీలను గూర్చి విరివిగా వినుచున్నాము. 2020లో ఆరంభమైన కేంద్ర పథకము క్రింద ఒక్కొక్క సంఘమునకు నిర్వహణ ఖర్చులకై మూడేండ్లలో 18 లక్షల రూపాయల వరకు, సభ్యుని వాటాకు సరిసమానముగా తలకు 2,000 వంతున 15 లక్షలు మించకుండ సాయము ఏర్పరచిరి. మైదాన ప్రాంతమున కనీసము 300 మంది సభ్యులు కావలెను. పథకపు లక్ష్యమైన 10,000 సంఘములు 2025 ఫిబ్రవరి నాటికి పూర్తియైనవి గనుక, క్రొత్త బోర్డు కట్టుటకంటె దగ్గరలో ఉన్న సంఘమును వెదకి, దాని లెక్కలు చూచి చేరుట మేలు. లెక్కలు చూచి అనుటలో అర్థమున్నది. కంపెనీ ఏటేటా దాఖలు చేయవలసిన పత్రము ఆలస్యమైనచో ఒక్కొక్క పత్రమునకు దినమునకు 100 రూపాయల అదనపు రుసుము పడును. గ్రాంటు కొరకు పుట్టిన సంఘము గ్రాంటుతోనే పోవును. డైరెక్టరుగా సంతకము పెట్టిన రైతునకు మాత్రము నోటీసులు మిగులును.

కడపట, మీరు తప్ప మరెవ్వరును చేయలేని పని ఒకటి. కౌలు రైతునకు పట్టా లేదు గనుక బ్యాంకు గుమ్మము ఎత్తుగా తోచును. 2011లో ఒక చట్టము, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చినవి. ఆ కార్డు 11 నెలల సాగునకు గుర్తింపే గాని భూమిపై హక్కు కాదు. అయినను భూయజమాని సంతకమునకు జంకును. అతని అరుగుపై కూర్చుండి నచ్చజెప్పగలవారు మీరే. యజమాని ఎంతకును ఒప్పనిచో, నలుగురు మొదలు పదిమంది వరకు కౌలుదారులు సంయుక్త బాధ్యతా సంఘముగా ఏర్పడి ఋణము కోరవచ్చును. ఒకరి బాకీకి అందరు పూచీ గనుక, ఎవరితో కలియుచున్నారో చూచుకొని కలియవలెను.

మీ ఊరిలో కౌలుకు చేయువారెందరో, వారిలో కార్డు ఉన్నవారెందరో, వచ్చు గ్రామసభ నాటికి పేరు పేరున పట్టిక వ్రాసి రైతు సేవా కేంద్రములో ఒక ప్రతి ఇండు. ఇక మీ సందేహములు వినెదము. వెనుక వరుసలో చేయెత్తిన అమ్మగారు మొదట అడుగవచ్చును.