దొంగతనం కంటబడితే గుమాస్తా ఏం చేయాలి?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆజ్ఞాపించారు. చదువు గురించి ఏటా చెబుతూనే ఉన్నాం. ఈసారి చదువు ముగించిన మన పిల్లలు ఎక్కడ పనిచేస్తున్నారో ఆ చోటు గురించి మాట్లాడతాను. నా దగ్గర ఉర్దూ మీడియంలో చదువుకున్న వాళ్లలో కొందరు కాలేజీలకు పోయారు, కొందరు ఆటోనగర్‌లో పని నేర్చుకున్నారు. చాలామంది మాత్రం వన్‌టౌన్ బట్టల కొట్లలో, బీసెంట్ రోడ్డు షాపుల్లో గుమాస్తాలుగా నిలబడి ఉన్నారు. నిలబడి అని ఊరికే అనలేదు, పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే ఉంటారు.

అలాంటి ఒక అబ్బాయి రంజాను తర్వాత మా ఇంటికి వచ్చాడు. కుడిచేతికి కట్టు ఉంది. పండుగ రద్దీలో ఒక మనిషి రెండు చొక్కాలు సంచిలో వేసుకుని మెట్లు దిగడం చూశాడట. వెంటపడి రోడ్డు మీద కాలరు పట్టుకున్నాడు. ఆ మనిషి ఒక్క తోపు తోశాడు. వీడు కింద పడ్డాడు, మణికట్టు విరిగింది. చొక్కాలూ పోయాయి, దొంగా పోయాడు. ఆసుపత్రి ఖర్చు అడిగితే ఓనరు, "నిన్నెవరు పరిగెత్తమన్నారు?" అన్నాడట. అంతకు ముందు నెలలో ఒక చీర కనపడకపోతే అదే ఓనరు, "నీ కౌంటరులోనే పోయింది" అని జీతంలో పట్టుకున్నాడు.

"ఊరుకుంటే జీతం కోత, పరిగెత్తితే చెయ్యి పోయె. నేనేం చేసి ఉండాల్సింది సార్?" అని అడిగాడు. ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్లుగా అమానత్, నిజాయితీ అని పాఠం చెప్పినవాణ్ణి, నా పాఠం విన్నందుకే వాడి చెయ్యి విరిగిందేమో అనిపించింది. ఆలస్యంగానైనా ఆ జవాబు మీ అందరి ముందు చెప్పుకుంటాను.

మొదట దీన్ మాట. చెడును చూస్తే చేతితో ఆపాలి, చేతకాకపోతే నోటితో చెప్పాలి, అదీ కాకపోతే మనసులో అసహ్యించుకోవాలి అన్న బోధ మనందరికీ తెలుసు. చెయ్యి ముందు వచ్చింది గనుక పట్టుకోవాల్సిందే అంటారు కొందరు. కానీ చేతితో ఆపడం అధికారం ఉన్నవారి పని అనీ, ఒక చెడును ఆపబోయి అంతకంటే పెద్ద చెడు తేకూడదనీ ఉలమాలు వివరించారు. సొమ్మును కాపాడుకుంటూ చనిపోయినవాడు షహీద్ అన్న మాట కూడా నిజమే. అది ప్రాణం పోయినవాడికి దక్కే గౌరవం. నెల జీతగాడు పరాయి సొమ్ము కోసం ప్రాణం పెట్టాలన్న హుకుం కాదు.

ఇంకొక మసలా ఉంది. అమానత్‌గా ఉంచిన వస్తువు, కాపలాదారు తప్పు గానీ నిర్లక్ష్యం గానీ లేకుండా పోతే దాని ఖరీదు అతని మీద పడదు. ఒకే యజమాని దగ్గర జీతానికి పనిచేసేవాణ్ణి ఫిఖ్‌లో అజీరె ఖాస్ అంటారు, అతనికీ ఇదే వర్తిస్తుంది. మన దేశపు చట్టం కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనూ, తర్వాత వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఒకటే సూత్రం. ఫలానా సరుకు నీ బాధ్యత అని ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి, అది పనివాడి నిర్లక్ష్యం వల్లనే పోయి ఉండాలి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అప్పుడే జీతంలో కోత. పండుగ రద్దీలో వందమంది తిరిగే కొట్లో చీర పోతే, ఏ విచారణా లేకుండా గుమాస్తా జీతంలో పట్టుకోవడం ఇన్సాఫ్ కాదు.

ఇక దొంగను పట్టుకునే సంగతి. 2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమలులోకి వచ్చాయి. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం 5,000 రూపాయల లోపు దొంగతనం, అదీ మొదటిసారి, సొమ్ము తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజసేవ. ఇంత చిన్న కేసులో పోలీసులే వారెంటు లేకుండా అరెస్టు చేయడానికి లేదు. మామూలు పౌరుడు అరెస్టు చేయవచ్చు గానీ, తన కళ్లముందు బెయిలు దొరకని పెద్ద నేరం జరిగినప్పుడే. అప్పుడు కూడా 6 గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. సొమ్మును కాపాడుకునే హక్కు చట్టంలో ఉంది, నిజమే. అది అవసరానికి మించి దెబ్బ కొట్టే హక్కు కాదు. దొంగను గోడౌనులో పెట్టి తాళం వేయడం, నలుగురూ చేరి కొట్టడం అవతలివాడి నేరాన్ని మన నేరంగా మార్చుకోవడమే.

దీనికి మన పొరుగునే సాక్ష్యం ఉంది. కేరళలోని అట్టప్పాడిలో 2018 ఫిబ్రవరిలో, కొట్లలో బియ్యం దొంగిలించాడని ఒక ఆదివాసీ యువకుణ్ణి పట్టుకుని చేతులు కట్టేసి కొట్టారు. అతను చనిపోయాడు. 2023 ఏప్రిల్‌లో కోర్టు 14 మందిని దోషులుగా తేల్చింది, వారిలో 13 మందికి 7 ఏళ్ల కఠిన శిక్ష పడింది. కాసిని బియ్యం ఒక పక్క, ఒక ప్రాణమూ ఇన్ని కుటుంబాల గోడూ ఒక పక్క. తూచి చూడండి.

అనుమానం గురించి కూడా ఒక మాట. బురఖా వేసుకున్న ఆడమనిషి కొట్లోకి రాగానే వెంట ఒక కుర్రాణ్ణి తిప్పే షాపులు ఉన్నాయని తెర అవతల కూర్చున్నవారికి నేను చెప్పనక్కర్లేదు. మనకు ఆ బాధ తెలుసు గనుక ఆ తప్పు మనం చేయకూడదు. చిరిగిన చొక్కా చూసి, కులం చూసి, భాష చూసి ఎవరినీ దొంగ అనుకోవద్దు. దొంగతనానికి వేషం లేదు. మంచి బట్టలతో కారు దిగినవాళ్లూ చేస్తారు. కళ్లతో చూసింది వేరు, మనసులో అనుకున్నది వేరు.

అయితే చూసీ చూడనట్టు ఊరుకోవాలా? ఊరుకోకూడదు. ఉప్పు తిన్న కొట్టుకు అంత ద్రోహం మన పిల్లలు చేయరు. నేను చెప్పేది ఇంతే. చూడాలి, పలకరించాలి, చెప్పాలి. చెయ్యి మాత్రం వేయకూడదు. "అమ్మా, ఈ బిట్టు బిల్లు చేయించమంటారా?" అని నెమ్మదిగా అడిగితే చాలు, చాలామంది తీసి ఇచ్చేస్తారు. నలుగురిలో వాళ్ల పరువూ నిలుస్తుంది. ఇవ్వకపోతే ఓనరుకో, క్యాషు దగ్గరివారికో చెప్పాలి. కెమెరా ఉంటే టైము గుర్తు పెట్టుకోవాలి. మనిషి వాకిలి దాటి పోతే పోనివ్వాలి. వాడి జేబులో కత్తి ఉందో లేదో మనకు తెలియదు. అమెరికాలో కొట్ల కౌంటర్ల దగ్గర పనిచేస్తూ దోపిడీగాళ్ల కాల్పుల్లో పోయిన మన తెలుగు పిల్లల వార్తలు మనం చదివాం. అక్కడి పెద్ద షాపులు చాలావాటిలో దొంగ వెంట పడవద్దని పనివాళ్లకు ముందే చెప్పి ఉంచుతారు.

మన సంఘంలో కొట్లు నడిపే పెద్దలు ఉన్నారు. వారికి నా మనవి. పనిలో చేరిన రోజే కుర్రాడికి మూడు మాటలు చెప్పండి, వీలైతే తెలుగులో, ఉర్దూలో రాసి గోడకు అంటించండి. దొంగ వెంట పరిగెత్తవద్దు. పోయిన సరుకు నీ జీతంలో పట్టుకోను. షాపు పని మీద దెబ్బ తగిలితే వైద్యం నాది. ఈ మాటలు చెప్పని యజమానికి, నా సరుకు ఎందుకు కాపాడలేదని అడిగే హక్కు లేదు.

దొంగ గురించి కూడా కాస్త ఆలోచించాలి. కరువు ఏడాదిలో హజ్రత్ ఉమర్ (రజి) దొంగతనానికి విధించే హద్ శిక్షను నిలిపివేశారని మన పిల్లలకు పాఠం చెబుతాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఒక్క రాత్రిలో ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో మనం చూశాం. పాలడబ్బా దాచుకున్న తల్లి పట్టుబడితే, ఆమె ఇంటి సంగతి కనుక్కుని జకాత్ నిధి నుంచి సాయం చేయడం మన సంఘం పని కాదా?

ఆ అబ్బాయికి ఇప్పుడు నా జవాబు ఇది. బాబూ, నీ నిజాయితీలో లోపం లేదు. చూసిన వెంటనే చెప్పాలని నేర్పాను గానీ, ఎక్కడ ఆగాలో నేర్పలేదు. ఆ లోపం నాది. ఇకమీదట ఆ పాఠం కూడా చెబుతాను. రెండు చొక్కాలు మళ్లీ కుట్టించుకోవచ్చు. మీ అమ్మకు నీ చెయ్యి కావాలి.

అల్లాహ్ మన పిల్లలకు హలాల్ రోజీ, ఇన్సాఫ్ ఎరిగిన యజమానులను ప్రసాదించుగాక.