ఊరి మురుగు - ఊరి బొక్కసము

ప్రతిదినము మన యిండ్లలో పాత్రలు కడిగిన నీరు, స్నానము చేసిన నీరు, బట్టలు ఉతికిన నీరు పెరటి తూము గుండ వీధిలోనికి పోవుచున్నది. గడప దాటినంతనే ఆ నీటితో మనకు సంబంధము తీరినదని తలంతుము. దానిని ఊరు దాటించుటకు కాలువ ఎవరు కట్టవలెను, కట్టుటకు డబ్బు ఎవరిది, కట్టిన పిమ్మట పూడిక తీయుటకు డబ్బు ఎవరిది? నేను ముచ్చటింపదలచినది ఈ మూడు ప్రశ్నలను గురించియే. మొదటి రెంటికిని జవాబు దొరకుచున్నది. మూడవదానిని అడుగువారే తక్కువ.

కశింకోటను ఉదాహరణముగా గైకొందును. శారదానదికి ఒక వైపున అనకాపల్లి, వేరొక వైపున కశింకోట. నడుమ దూరము స్వల్పము. అనకాపల్లి పురపాలక సంఘము 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో విలీనమైనది. కశింకోట మండల కేంద్రమయ్యును గ్రామపంచాయతిగానే నిలిచినది. ఇది పేరులోని భేదము మాత్రమే కాదు. ఆ నగరపాలక సంస్థ 2018లో బాండ్లు అమ్మి 80 కోట్ల రూపాయల అప్పు తెచ్చుకొనగలిగినది. పంచాయతి బాండ్లు ఎవరు కొందురు? నది ఒకటే, వాన ఒకటే; ఏటి కీవలి మురుగునకు మాత్రము బొక్కసము వేరు.

ఆ బొక్కసమునకు డబ్బు మూడు దారుల వచ్చును. మొదటిది పంచాయతి స్వయముగా వసూలు చేసికొను ఇంటిపన్ను. రెండవది కేంద్ర ఆర్థికసంఘము సిఫారసు చేసిన గ్రాంటు. పదునైదవ ఆర్థికసంఘము 2021 నుండి 2026 వరకు గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు కేటాయించినది. అందు నూటికి 60 వంతులు నిర్బంధ నిధులు: 30 పారిశుద్ధ్యమునకు, 30 త్రాగునీరు, వాననీటి నిల్వ, నీటి పునర్వినియోగము మున్నగువానికి. మూడవది 2020లో ఆరంభమైన గ్రామీణ స్వచ్ఛభారత్ రెండవ దశ. ఇంటి వాడుకనీటిని శుద్ధిచేయు పనులకు ఈ పథకము తలసరి లెక్క కట్టినది. జనాభా 5,000 వరకు గల ఊరికి తలకు 280 రూపాయలు, అంతకు మించిన ఊరికి 660 రూపాయలు. ఈ లెక్కన 5,000 మందికి 14 లక్షలు రాగా, ఒక్క మనిషి అధికముగా నున్న ఊరికి 33 లక్షలు దాటును! పెద్ద ఊరిలో ఇంటింట ఇంకుడుగుంతతో పని తీరదు, కాలువలు, శుద్ధిచేయు మడుగులు కావలెనన్నది ఇందలి హేతువు. హేతువు మంచిదే; గీత గీసిన చోటు మాత్రము వింతగా నున్నది.

పదివేల మంది గల ఊరిని ఊహింపుడు. మొత్తము 66 లక్షలు. ఇందు నూటికి 30 వంతులు, అనగా 19 లక్షల 80 వేలు, పంచాయతి తన ఆర్థికసంఘపు నిధులనుండి పెట్టవలెను. మిగిలినదానిని కేంద్రము, రాష్ట్రము 60, 40 వంతులుగా భరించును. కాగితముపై చక్కగా నున్నది. కాని పంచాయతి ఖాతాలో ఆ వాటా సకాలమున నిలిచి యుండవలెను గదా! 2021 నవంబరులో తమ ఖాతాలలోని ఆర్థికసంఘపు సొమ్మును తమకు తెలియకుండ మళ్ళించిరని ఆంధ్రప్రదేశమున సర్పంచులు ఆందోళన చేసిరి. పంచాయతులు చెల్లింపవలసిన విద్యుత్ బకాయిలకే జమ కట్టితిమని ప్రభుత్వము చెప్పినది. దీపపు బకాయి నిజమే కావచ్చును. ఐనను కాలువకై వేచియున్న సొమ్ము అడుగకయే దీపమునకు పోయినచో సర్పంచి పని ఎట్లు తలపెట్టును?

ఇక వాననీటి సంగతి. పదివేల మందికి దినమునకు తలకు 55 లీటర్ల చొప్పున నీరు సరఫరా చేసినచో, అందు ఎనుబది పాళ్ళు వాడుకనీరుగా వెలువడినదనుకొందము. అది 4 లక్షల 40 వేల లీటర్లు. ఒక ఎకరముపై ఒక అంగుళము వాన కురిసినచో సుమారు ఒక లక్ష లీటర్లు. నూరు ఎకరముల ఊరిపై అది కోటి లీటర్లు! ఇరువది దినముల మురుగు కంటె అధికమైన నీరు ఒక్క గడియలో దిగవచ్చును. 2014 అక్టోబరు 12న విశాఖతీరము దాటిన హుద్‌హుద్ తుపానును ఎరిగినవారికి ఈ లెక్క అతిశయోక్తి కాదు. రైలుకట్టయు రహదారికట్టయు గల ఊళ్ళలో ఆ నీరు తూముల వద్ద నిలిచి వెనుకకు తన్నును. స్వచ్ఛభారత్ తలసరి లెక్క వాడుకనీటిని చూచి కట్టినదే గాని, ఈ వాననీటిని చూచి కట్టినది కాదు. ఐనను మన వీధులలో రెంటికిని కాలువ ఒకటే. మురుగునకు సరిపడిన కాలువ వానకు చాలదు. వానకు సరిపడిన కాలువలో వేసవి మురుగు కదలక దోమలను పెంచును.

ఇప్పుడు మూడవ ప్రశ్న. కట్టుట ఒకనాటి ఖర్చు, పూడిక తీయుట ఏటేటి ఖర్చు. జూనునకు ముందొకసారి, అక్టోబరు తుపానులకు ముందొకసారి తప్పదు. తీసిన పూడికను గట్టుననే విడిచినచో మొదటి వానకు మరల కాలువలోనికే చేరును. కావున బండి కూలి కూడ లెక్కలో నుండవలెను. మనలో కొందరు వాకిట మెట్టు కొరకు కాలువపై రాతిపలకలు కదలకుండ సిమెంటు పూయుదురు. ఆ పలక క్రింద పార పోదు. పంచాయతిని నిందించుటకు ముందు మన వాకిలి చూచికొనుట న్యాయము.

లండను నగరమున 1858లో థేమ్సునది దుర్గంధము శాసనసభాభవనము లోనికే చొరబడగా, సభ్యులు త్వరపడి 30 లక్షల పౌనుల అప్పుకు అనుమతించిరి. పురజనుల పన్నుతో దానిని దీర్ఘకాలమున తీర్చుట ఏర్పాటు. అమెరికాలో 1987 నాటి చట్టముతో ప్రతి రాష్ట్రమునను ఒక తిరుగుడు నిధి ఏర్పడినది. ఒక ఊరు మురుగుపనికై తక్కువ వడ్డీకి అప్పు తీసికొనును. అది తీర్చిన సొమ్ము ఇంకొక ఊరికి అప్పగును. గ్రాంటు ఒకసారి ఖర్చుపడి పోవును, ఈ నిధి తిరుగుచునే యుండును. జిల్లాకొక నిధి ఇట్లుండినచో కశింకోట వంటి పెద్ద పంచాయతులకు ఉపకరించునని నా అభిప్రాయము. కాని అప్పు తీర్చుటకు ఇంటిపన్ను నిక్కముగా వసూలు కావలెను. పన్ను పెంచుదునని చెప్పి ఎన్నికలలో నిలుచు సర్పంచిని నేనింకను చూడలేదు.

2024 ఆగస్టు 23న రాష్ట్రమునందలి 13,326 పంచాయతులలో ఒకే దినమున గ్రామసభలు జరిగినవి. మీ ఊర మరల సభ జరిగినపుడు ప్రణాళిక కాగితమును ఒకసారి అడిగి చూడుడు. కొత్త కాలువ పొడవెంతయో అందు తప్పక వ్రాసియుందురు. ఆ కాలువ చివర ఎచట కలియును? చెరువులోనికా, గెడ్డలోనికా, శుద్ధి కాకయే శారదలోనికా? పూడికతీతకు ఏటా ఎంత? ఈ పద్దు ఎదుట అంకె యున్నదో, గడి ఖాళీగా నున్నదో, అచటనే చదివించుకొనుడు.