యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనలు - మన విద్యానిధి



చిలకలూరిపేటలో జరుగుచున్న ఈ వార్షిక మహాసభలో విద్యానిధినిగూర్చి ప్రసంగించుటకు మాకవకాశ మొసంగిన ఆహ్వానసంఘమువారికి కృతజ్ఞులము. నిధినుండి సాయము కోరు విద్యార్థుల యోగ్యతను నిర్ణయించుట యెట్లనునదే నేడు మన యెదుటనున్న ప్రశ్న. మార్కులను చూడవలెనని కొందరు చెప్పుచున్నారు. పరిశోధకులైనచో వారి వ్యాసము లెన్ని అచ్చయినవి, వానిని ఇతరు లెన్నిమారు లుదాహరించిరి యని లెక్కింపవలెనని మరికొందరనుచున్నారు. ఈ రెండు కొలబద్దలను ఒక ఆంధ్రమహనీయుని చరిత్రతో పోల్చి చూతము.

డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు కృతార్థులైరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు మారుగా తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. మార్కులే ప్రమాణమైనచో వారి దరఖాస్తును మన ఉపసంఘము తొలిదినముననే త్రోసివేసియుండును.

1922లో వారు అమెరికాకు పయనమైరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థ సాయము చేయుదుమని మాట యిచ్చెను. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ధనము సమకూర్చిరి. నాయకరుగారు రంగూనులో వ్యాపారముచేసి ఆర్జించిన ధనమును ధర్మమునకు విడిచిన పుణ్యాత్ములు. సుబ్బారావుగారు ఆ దాత కులమువారు కారు. ఈ సంగతిని కులసంఘమువారమైన మనము ప్రత్యేకముగా గమనింపవలసియున్నది.

హార్వర్డు విద్యాపీఠమున వారు ఫిస్కేగారితో కలసి 1925లో రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ద్రవములో నీలివర్ణము పుట్టించి, ఆ రంగు చిక్కదనమునుబట్టి భాస్వరమెంతయో నిర్ణయించుట యిందలి కిటుకు. వ్యాసముల ఉదాహరణలను లెక్కించు సూచికను గార్ఫీల్డుగారు 1964లో వెలువరించిరి. అప్పటికి సుబ్బారావుగారు గతించి పదునారేండ్లయ్యెను. అయినను ఆ లెక్కలో ఈ వ్యాసము వేలకొలది ఉదాహరణములు పొంది, విజ్ఞానలోకమున మిక్కిలి ఉదాహరింపబడిన వానిలో నొకటిగా నిలిచెను.

ఇంతవరకు లెక్క సరియే. ఇక లెక్క కందని వానిని చూడుడు. 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియేటినును, 1929లో ప్రాణులకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని వారిరువురు వెలువరించిరి. ఏ.టి.పి.ని అదే సంవత్సరమున జర్మనీలో లోమానుగారును వేరుగా కనుగొనిరి. నేడు ఏ.టి.పి. పేరు పాఠశాల బాలుర పుస్తకములలో నున్నది. దానిని చెప్పువా రెవ్వరును 1929 నాటి వ్యాసమును ఉదాహరింపరు. అందరిదైన జ్ఞానమునకు కర్త పేరు జారిపోవును.

1940లో వారు లెడర్లీ ప్రయోగశాలలకు చేరిరి. అచ్చట వారి పర్యవేక్షణలో 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. ఆ ఆమ్లమునకు విరోధియైన అమినోప్టెరిను అను మందును వారి బృందమే సిద్ధపరచెను. దానిని బోస్టనులో ఫార్బరుగారు రక్తపు పుట్టకురుపుగల 16గురు శిశువులకిచ్చి, 10మందికి తాత్కాలికముగా గుణము కనిపించెనని 1948 జూనులో ప్రకటించిరి. ఆ వ్యాసకర్తలలో సుబ్బారావుగారి పేరు లేదు. ఆ జాతిదే యగు మెతోట్రెక్సేటు నేటికిని రోగులను రక్షించుచున్నది. 1947లో వెలువడిన డైఇథైల్‌కార్బమజీను మన కోస్తావారిని పీడించు బోదకాలు వ్యాధిపై ప్రయోగింపబడుచున్నది. మన గర్భిణీస్త్రీలకు వైద్యశాలలలో నిచ్చు ఇనుపమాత్రలో ఫోలిక్ ఆమ్లము కలదు. ఆ మాత్ర మ్రింగు తల్లి ఏ వ్యాసమును ఉదాహరింపదు. ఆమె ఆరోగ్యము ఏ సూచికలోను చేరదు.

1948 ఆగష్టులో, 53వ యేట, స్వదేశమును మరల చూడకయే వారు పరమపదించిరి.

సోదరులారా! మిరపచేనిలో తొలికోతను మాత్రమే చూచి దిగుబడిని లెక్కగట్టు రైతు మన పల్నాటి సీమలో లేడు. విద్యార్థి విషయమున మాత్రము మన మేల తొందరపడవలెను? లెక్కలు వలదని మేమనుటలేదు. అవి పని జరిగిన పిమ్మట తోడ్పడు సాక్షులు. పని యారంభింపకముందే తీర్పు చెప్పు న్యాయాధిపతులు కావు.

కావున మూడు విన్నపములు చేయుచున్నాము. ఒకటి రెండుమారులు పరీక్ష తప్పిన కారణమున ఏ దరఖాస్తును త్రోసివేయరాదు. పరిశోధనకు పూనిన వానికి, ఏటేట వ్యాసములు లెక్కింపక, కొన్ని సంవత్సరముల సాయము స్థిరముగా నీయవలెను. నిధిలో కొంతభాగమును ఇతర కులములలోని పేదవిద్యార్థులకును కేటాయింపవలెను. ఈ మూడవది పోషకులలో కొందరికి రుచింపదని యెరుగుదుము. కాని కాకినాడ ధర్మసంస్థవారు నాడు కులము నడిగియుండినచో మన మీ కథను చెప్పుకొనగలుగుదుమా? ఈ ప్రశ్నను మీ హృదయములకు విడిచి విరమించుచున్నాము.