గొంతు కాన్సరు: ‘కరెంటు’కు ముందు చేసుకోవలసిన ఏర్పాట్లు



ఈ పూట గొంతు కాన్సరు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. జబ్బు ఎందుకు వస్తుందన్నది మీరు ఇదివరకు చాలాసార్లు విన్నదే. అందుచేత ఆ సంగతి క్లుప్తంగా ముగించి, జబ్బు ఉందని తేలిన రోజు మొదలు రేడియేషన్ చికిత్స ఆరంభమయ్యే రోజు దాకా రోగీ, ఇంటివారూ ఏమేమి చేసుకోవాలో వివరంగా చెబుతాను. మధ్యలో సాధారణంగా రెండు మూడు వారాలు గడుస్తాయి. వీటిని చాలామంది దిగులుతోనో, ఊరూరా పరుగులతోనో గడిపేస్తారు. నిజానికి చికిత్స సగంలో ఆగిపోకుండా చివరిదాకా సాగడం ఈ రోజుల్లో చేసుకున్న ఏర్పాట్ల మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

గొంతు అని మనం ఒక్క మాటతో అంటాం గాని, అందులో భాగాలు వేరు. మాట పుట్టే స్వరపేటిక ఒకటి. నాలుక మొదలు, టాన్సిళ్ళు ఉండే చోటు ఒకటి. అన్నం దిగే దారి పైభాగం మరొకటి. స్వరతంత్రుల మీద పుండు పుడితే గొంతు వెంటనే బొంగురుపోతుంది కాబట్టి జబ్బు తొందరగా బయటపడుతుంది. మింగే దారిలో పుడితే మొదట్లో పెద్దగా తెలియదు. ముద్ద అడ్డం పడటం, మింగేటప్పుడు చెవిలో పోటు, మెడ పక్కన నొప్పిలేని గడ్డ, ఇలాంటివి తర్వాత కనిపిస్తాయి. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోవాలి.

కారణాల్లో మొదటిది పొగాకు. బీడీ, సిగరెట్టు, చుట్ట సరేసరి. ఒడిశాలో గుడాఖు, చంద్రపురం, గడ్చిరోలి వైపు ఖర్రా, అన్నిచోట్లా గుట్కా, ఖైనీ. పేరు ఏదైనా సరుకు పొగాకే. దానికి సారా తోడైతే ప్రమాదం కూడిక లెక్కన కాదు, గుణకారం లెక్కన పెరుగుతుంది. ఏ అలవాటూ లేనివారికీ అప్పుడప్పుడు ఈ జబ్బు వస్తుంది. కాబట్టి రోగిని నిందించి ప్రయోజనం లేదు.

గడ్డ కనబడగానే డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిస్తారు. ఇక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు. కత్తి తగిలితే జబ్బు పాకుతుందని మన పల్లెల్లో గట్టి నమ్మకం. ముక్క తీసినందువల్ల కాన్సరు ముదరదు. ముక్క తీయకుండా కాలయాపన చేస్తే మాత్రం తప్పక ముదురుతుంది. పెద్దలు రాచపుండు అని పేరు పెట్టి ఆశ వదులుకున్న కాలం వేరు. ఇవాళ స్వరతంత్రుల కాన్సరును తొలిదశలో పట్టుకుంటే రేడియేషన్ ఒక్కదానితోనే నూటికి ఎనభై మందికి పైగా నయమవుతుంది, మాట కూడా మిగులుతుంది. ముదిరిన దశలో రేడియేషన్‌కు తోడు మందు ఎక్కిస్తారు, లేదా శస్త్రచికిత్స చేస్తారు.

ఇక ఇంట్లో మొదటి చిక్కు, రోగికి చెప్పాలా వద్దా అన్నది. “నాయన తట్టుకోలేడు, చెప్పొద్దు డాక్టరుగారూ” అని కొడుకులు బతిమాలుకోవడం మామూలే. ప్రేమతోనే అంటారు. అయితే ఒక సంగతి ఆలోచించండి. ఈ చికిత్స రోగి కళ్ళు మూసుకుని పడుకుంటే మరొకరు చేసి పెట్టేది కాదు. అరవై ఏళ్ళుగా కాల్చిన చుట్ట ఆయనే మానాలి. ముఖానికి తొడుగు బిగించుకుని కదలకుండా ఆయనే పడుకోవాలి. గొంతు మండుతున్నా ఆయనే మింగాలి. ఎందుకో తెలియని మనిషి ఇన్ని ఎలా చేస్తాడు? మూడో వారం మంట మొదలు కాగానే “ఇదేదో ఉన్న జబ్బును పెంచుతోంది, ఇంటికి పోదాం పదండి” అంటాడు. అందుకని మెత్తగానే అయినా నిజమే చెప్పండి. “నాయనా, గొంతులో ఉన్నది చెడ్డ గడ్డేనని తేలింది. దానికి చికిత్స ఉంది. ఆరేడు వారాలు కష్టపడాలి. నీ పక్కన మేమున్నాం.” ఇంత చెబితే చాలు. మిగిలినవి ఆయనే అడుగుతాడు. అడిగినంత మేరకు చెప్పండి.

రెండో చిక్కు భాష. మనం ఇంట్లో తెలుగు, బజారులో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో మాట్లాడతాం. బేరానికి ఆ భాష చాలుతుంది. నొప్పి చెప్పుకోవలసి వచ్చేసరికి మాత్రం తెలుగే వస్తుంది. గరగర, మంట, పోటు, సలుపు, అడ్డం పడటం, ఒక్కోదానికి డాక్టరుకు ఒక్కో అర్థం ఉంది. కాబట్టి రెండు భాషలూ బాగా తెలిసిన ఒకరిని వెంట తీసుకువెళ్ళండి. ప్రతిసారీ ఆ ఒక్కరే వెళ్ళడం మంచిది. అడగవలసినవి కాగితం మీద రాసుకోండి. జబ్బు ఏ భాగంలో ఉంది, ఏ దశ, చికిత్స నయం చేయడానికా, బాధ తగ్గించడానికా? రేడియేషన్ ఒక్కటేనా, దానితో మందు కూడా ఎక్కిస్తారా? ఎన్ని రోజులు? మాట, మింగుడు ఏమవుతాయి? జవాబు అర్థం కాకపోతే మళ్ళీ అడగడం తప్పు కాదు.

మూడోది, ఎక్కడికి వెళ్ళాలి, ఖర్చు ఎలా అన్నది. కోలారు, హోసూరు, బళ్ళారి వైపువారికి బెంగుళూరులో కిద్వాయి సంస్థ ఉంది. తమిళనాడువారికి మద్రాసు అడయారులో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి పూనికతో 1954లో ఆరంభమైన కాన్సర్ ఇన్‌స్టిట్యూట్, యానాంవారికి పుదుచ్చేరిలో జిప్మర్, ఒడిశావారికి కటకంలో ఆచార్య హరిహర్ పేరిట ఉన్న కాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. పర్లాకిమిడి, రాయగడ వాసులకు విశాఖపట్నమే దగ్గర. అయితే మన రేషన్ కార్డు ఒక రాష్ట్రానిది, దగ్గరి ఆసుపత్రి మరో రాష్ట్రానిది కావడం సరిహద్దు బతుకులో మామూలు. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకం కింద అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స దొరుకుతుంది. ఆ పథకంలో చేరిన పొరుగు రాష్ట్రపు ఆసుపత్రిలోనూ అది చెల్లడానికి వీలుంది. రాష్ట్రాల సొంత పథకాల నియమాలు మాత్రం వేరువేరు. కాబట్టి మీ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో బయలుదేరే ముందే ఆసుపత్రి కౌంటరులో కనుక్కోండి. చికిత్సకు వెళ్ళే కాన్సరు రోగికి రైల్లో స్లీపరులోనూ, మూడో ఏసీలోనూ పూర్తి రాయితీ ఉంది. తోడు వెళ్ళే ఒకరికి ముప్పావు వంతు రాయితీ ఇస్తారు. ఆసుపత్రి నుంచి నిర్ణీత ఫారం మీద సర్టిఫికెట్ తీసుకోవాలి.

వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు చికిత్స ఉంటుంది. కాబట్టి ఆసుపత్రి దగ్గర బస, తోడు ఉండే మనుషుల వంతులు, ఇంటి దగ్గర పొలం పని, పశువుల పని చూసేవారు, ఇవన్నీ ముందే కుదుర్చుకోండి.

ఇప్పుడు శరీరాన్ని సిద్ధం చేసుకునే సంగతి. అందులో మొదటిది పళ్ళు. గొంతుకు చికిత్స అయితే పళ్ళతో పనేమిటి అనుకోవద్దు. రేడియేషన్ పడిన లాలాజల గ్రంథులు ఎండిపోతాయి. ఉమ్మి తగ్గిన నోట్లో పళ్ళు త్వరగా పుచ్చుతాయి. చికిత్స అయ్యాక పుచ్చిన పన్ను తీయిస్తే దవడ ఎముక పుండు మానకుండా కుళ్ళే ప్రమాదం ఉంది. అందుచేత మొదలుపెట్టక ముందే దంతవైద్యుడికి చూపించి, తీయవలసినవి తీయించాలి. ఆ గాయాలు మానడానికి రెండు వారాలు పడుతుంది. కాబట్టి ఈ పని మొదటి వారంలోనే కానివ్వండి. చికిత్స తర్వాత ఎప్పుడైనా పన్ను తీయించవలసి వస్తే రేడియేషన్ తీసుకున్న సంగతి ముందుగా చెప్పి తీరాలి.

రెండోది పొగాకు. “ఎలాగూ వచ్చేసింది, ఇక మానితే ఎంత, మానకపోతే ఎంత?” అంటారు కొందరు. దీనికి 1993లో కెనడా వైద్యులు జవాబు చెప్పారు. తల, మెడ కాన్సరుకు రేడియేషన్ తీసుకుంటున్నవారిని పరిశీలిస్తే, పొగ మానినవారిలో నూటికి 74 మందికి గడ్డ పూర్తిగా కరిగింది. కాలుస్తూనే ఉన్నవారిలో 45 మందికే కరిగింది. రేడియేషన్ పనిచేయడానికి రక్తంలో ప్రాణవాయువు నిండుగా ఉండాలి, పొగ దాన్ని తగ్గిస్తుంది. ఇంట్లో మిగతావారూ ఆయన ఎదుట కాల్చడం మానాలి.

మూడోది తిండి. చికిత్సకు ముందే బరువు తూచి రాసిపెట్టండి. రాగి జావలో పాలు, నెయ్యి వేసిన మెత్తని పెసరపప్పు అన్నం, ఉడికించిన గుడ్డు, పెరుగు, మెత్తగా చిదిమిన చేప, రోజుకు ఆరుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి. పథ్యం పేరుతో కడుపు మాడ్చకండి. చక్కెర జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన ప్రకారం తినాలి. మింగడం మరీ కష్టమైతే ముక్కు ద్వారానో, నేరుగా పొట్టలోకో సన్నని గొట్టం వేస్తారు. గొట్టం అనగానే ఆఖరి ఘడియ వచ్చిందని భయపడేవారున్నారు. అది అన్నానికి తాత్కాలికంగా వేసిన అడ్డదారి మాత్రమే. గొట్టం ఉన్నా మింగగలిగినంత నీరు మింగుతూ ఉండాలి, లేకపోతే మింగే కండరాలు పని మరిచిపోతాయి.

ఇక చికిత్స ఎలా ఉంటుందో ముందే తెలుసుకుంటే భయం సగం తగ్గుతుంది. దీన్ని మన ఊళ్ళలో ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆ పేరు విని షాకు కొడుతుందనుకుంటారు. ఇందులో ఒంటికి కరెంటు తగలదు. ఎక్స్‌రేకు ఎలా తెలియదో దీనికీ అలాగే ఏమీ తెలియదు. మొదట ఒక ప్లాస్టిక్ పలకను వేడినీళ్ళలో మెత్తబరచి ముఖం, మెడ మీద ఒత్తుతారు. కొద్ది నిమిషాల్లో అది గట్టిపడి మీ కొలతకు తొడుగు అవుతుంది. దానికి నిండా చిల్లులుంటాయి, ఊపిరి ఆడుతుంది. తర్వాత స్కానింగు తీసి, కిరణాలు ఎక్కడ పడాలో, ఎక్కడ పడకూడదో లెక్క వేస్తారు. ఈ లెక్కకు కొన్ని రోజులు పడుతుంది. అది ఆలస్యం కాదు, అవసరం.

గదిలో మీరు ఒంటరిగా ఉంటారు గాని, బయటినుంచి టీవీ తెర మీద చూస్తూనే ఉంటారు. ఇబ్బంది అయితే చెయ్యి ఎత్తితే చాలు, యంత్రం ఆపుతారు. మొత్తం పది, ఇరవై నిమిషాల పని. బయటినుంచి ఇచ్చే ఈ కిరణాలు ఒంట్లో నిలిచిపోవు. ఇంటికి వచ్చి మనవణ్ణి నిక్షేపంగా ఎత్తుకోవచ్చు. కట్టుడు పళ్ళు, చెవి కమ్మలు, ముక్కుపుడక, మెడలో గొలుసు లోపలికి వెళ్ళేముందు తీయాలి. మంగళసూత్రం తీయమన్నప్పుడు కొందరు ఆడవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటారు. అత్తగారో, అమ్మో ముందే నచ్చజెబితే ఆ బాధ ఉండదు. మెడ చర్మం కందే రోజుల్లో ఏ తాడూ రాసుకోకపోవడమే మేలు. మెడకు సబ్బు రుద్దడం, పౌడరు, పసుపు, నూనె పూయడం మానండి. మెత్తని నూలు బట్ట వేసుకోండి.

మొదటి రెండు వారాలు పెద్ద తేడా తెలియదు. ఆ తర్వాత నోరు పూస్తుంది, రుచి పోతుంది, ఉమ్మి బంకలా సాగుతుంది, మెడ నల్లబడుతుంది, నీరసం వస్తుంది. చికిత్స ముగిశాక కూడా రెండు వారాలు ఈ బాధ ఉండి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. గ్లాసెడు గోరువెచ్చని నీళ్ళలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా కలిపి రోజుకు ఆరేడుసార్లు పుక్కిలించండి. కారం, పులుపు, మరీ వేడి పదార్థాలు ఆపండి. నొప్పికి మందు అడగండి, ఓర్చుకోవడం గొప్ప కాదు. ఊపిరి ఆడకపోయినా, రక్తం పడినా, జ్వరం వచ్చినా, నీళ్ళు కూడా దిగకపోయినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి.

అన్నిటికంటే ముఖ్యం, మధ్యలో ఆపకండి. కలుపు సగం తీసి వదిలేస్తే మిగిలింది మరింత ఏపుగా లేస్తుందని రైతుకు చెప్పనక్కరలేదు. కాన్సరు కణాలూ అంతే. చికిత్స అనుకున్న గడువు దాటి సాగిన ఒక్కో రోజుకు గడ్డ అదుపయ్యే అవకాశం సుమారు నూటికి ఒక వంతు తగ్గుతుందని లెక్క కట్టారు. పండగ, పెళ్ళి, నాట్లు, కోతలు, ఇవేవీ ఈ ఆరేడు వారాలకు అడ్డం రాకూడదు. అనుకోకుండా ఒక రోజు తప్పితే వెంటనే డాక్టరుకు చెప్పండి. దాన్ని సరిచేసే పద్ధతులు వారి దగ్గర ఉన్నాయి.

చికిత్స ముగిశాక కూడా డాక్టరు చెప్పిన గడువుకల్లా వెళ్ళి చూపించుకోవాలి. నోరు ఎండటం చాలాకాలం ఉండవచ్చు. మెడలోని థైరాయిడ్ గ్రంథి మందగించవచ్చు కనుక ఆరు నెలలకో, ఏడాదికో రక్తపరీక్ష అవసరం. దవడ బిగుసుకోకుండా రోజూ నోరు బాగా తెరిచే వ్యాయామం చేయాలి. నిలువుగా మూడు వేళ్ళు పట్టేంత నోరు తెరుచుకుంటే ఫరవాలేదన్నట్టు.

మీ ఇంట్లోగాని, వీధిలోగాని ఎవరి గొంతయినా మూడు వారాలకు పైగా బొంగురుగా ఉంటే ఈ వారమే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. జబ్బు తేలినవారు ఉంటే, రేపు పొద్దున మొదట దంతవైద్యుడి దగ్గరకు బయలుదేరదీయండి.