పాత ఫోను - కొత్త యాప్
(పిట్లము మండల పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



2023 జనవరి 1వ తేదీ నుండి ఉపాధి హామీ పథకపు సామూహిక పనులలో కూలీల హాజరును ఛాయాచిత్రముతో సహా సెల్‌ఫోనులోనే నమోదు చేయవలెనను నియమము వచ్చినది. ఫోను మొరాయించిన దినమున కూలీ హాజరే ప్రశ్నార్థకమగును. కనుక ఫోనులలోని తరముల భేదము మనకు తెలియవలెను.

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సే ఆండ్రాయిడ్ ఫోనులకును, 2017లో వచ్చిన జియోఫోనుకును పునాది. పునాది ఒకటియే యైనను పై కట్టడములు వేరు. ఆండ్రాయిడ్ యాప్ జియోఫోనులో నడువదు. వాట్సాప్ సైతము దానికై ప్రత్యేకముగా తయారై 2018లో గాని రాలేదు. ఆండ్రాయిడ్‌లోనే పాతవి, కొత్తవి కలవు. 2023 అక్టోబరులో వాట్సాప్ 5.0 కంటె పాత వాటిని విడిచిపెట్టినది. ఫోను చెడలేదు, యాప్ ముందుకు సాగినది. ఇరుసుకు పట్టని చక్రము ఎంత గట్టిదైన నేమి?

పంచాయతీకి ఫోను కొనునపుడు ధర యొక్కటే చూడకుడు. ఆండ్రాయిడ్ ఎన్నవదో, కంపెనీ ఎన్ని సంవత్సరములు దానిని నవీకరించునో ముందే విచారింపుడు. యాప్ ఆగిన దినమున హాజరును కాగితముపై వ్రాసి, సాక్షుల సంతకములు తీసికొని, ఆనాడే మండల కార్యాలయమునకు తెలుపుడు. యంత్రలోపమునకు కూలీ నష్టపోరాదు.